అవే మాత్రలు

నేను పడవవాణ్ణి.
చిలోయె దీవుల మధ్య ఇరవై రెండేళ్లుగా
గొర్రెల్ని, గ్యాస్ సిలిండర్లని, పెళ్లివాళ్లని,
ఒకసారి ఒక పియానోని కూడా దాటించాను.
అన్నిటికంటే ఎక్కువసార్లు దాటించింది
ఎదెల్మిరా మాన్సీయాని.

నెలకోసారి, మంగళవారం,
చీకటితోనే రేవులో నిలబడేది.
ఉన్ని శాలువా మీద ప్లాస్టిక్ కోటు,
కోటు మీద వాన.
గొంతు దగ్గర గ్రంథి ఒకటి బద్ధకిస్తోందట,
దానికి రోజూ పరగడుపున ఒక మాత్ర.
ఆవగింజకి అన్నలాంటిది, అంతే.

దాని కోసం
రెండు గంటల నీళ్లు, గంట బస్సు,
చీటీ కోసం ఒక వరస, చీటీ పట్టుకుని ఇంకో వరస,
మధ్యాహ్నం దాకా చెక్కబల్ల.
లోపల డాక్టరు, తల ఎత్తకుండానే,
"ఎలా ఉన్నారు?"
"ఉన్నాను."
"అవే మాత్రలు వాడండి."

పదకొండేళ్లు.
కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే,
ఈమె సముద్రాన్ని దున్ని
నెలనెలా అదే ఎలుకను పట్టుకొచ్చేది.

నాకేం, టిక్కెట్టు వచ్చేది.
ఆమెకే, బంగాళాదుంపలు తవ్వే మనిషికి కూలి,
ఆవు పాలు పితికిన పొరుగింటికి బాకీ.
ఉత్తరపు గాలి లేచి రేవు మూసేసిన చలికాలాల్లో
మాత్రలు నిండుకునేవి.
మొహం ఉబ్బి, మాట మందగించి,
దుప్పటి కింద రాయిలా పడి ఉండేది.
దాన్ని కూడా జబ్బనే రాశారు కాగితాల్లో.
జబ్బు కాదు,
దూరం.

మా దీవి ఆరోగ్య గదికి నోయెలియా వచ్చాక అడిగింది:
రక్తం ఏడాదికోసారి చూస్తే చాలు కదా,
మాత్రలు ఆర్నెల్లవి ఒక్కసారే ఇస్తే ఏమవుతుంది?
ఆ ఒక్క ప్రశ్న
ఆఫీసు బల్లల మీద ఏడాదిన్నర కాపురం చేసింది.
చేతికిస్తే జనం ఇష్టమొచ్చినట్టు మింగేస్తారని
ఎవరో పెద్దమనిషి భయపడ్డాడట.
"సముద్రం దాటి తెచ్చుకున్నదాన్ని,
మాత్ర విలువ నాకు చెబుతాడా!"
అని నవ్వింది ఎదెల్మిరా,
పళ్లులేని వైపు నుంచి.

ఇప్పుడు నా పడవలో మాత్రలే వస్తాయి.
బిస్కెట్ల రేకుడబ్బా, దానికో రబ్బరుబ్యాండు,
లోపల పొట్లాల మీద పేర్లు.
బీపీవాళ్లవి, షుగరువాళ్లవి,
బడిపిల్లాడి ఊపిరి పంపు ఒకటి.
నిజం చెప్పొద్దూ,
మొదటి నెల నాకు కడుపు మండింది.
తొమ్మిది సీట్లు ఖాళీ,
డబ్బాకి టిక్కెట్టు లేదు.

ఆగస్టులో నా అరచేతిలో గాలం దిగింది.
పైన మానింది, లోపల మానలేదు.
ఆసుపత్రి వరస తలుచుకుని
చేతికి గుడ్డ చుట్టుకు తిరిగాను.
ఖాళీ డబ్బా తిరిగిచ్చి వస్తూ
బల్ల మీద కాసేపు కూలబడ్డాను,
చోటు ఉంది కాబట్టి.
డాక్టరే తలుపు దగ్గరికొచ్చి పిలిచాడు.
ఇన్నేళ్లలో మొదటిసారి చూశాను,
ఆయనవి తేనెరంగు కళ్లు.
దీపం కింద నా చెయ్యి అటూ ఇటూ తిప్పి,
నొక్కి, ఆగి, మళ్లీ నొక్కి,
"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"
"ఖాళీ లేక."
"మీకా, నాకా?" అన్నాడు.

వేలు దక్కింది. కాస్త వంకర.
తాడు ముడి వేయడం మళ్లీ నేర్చుకుంటున్నాను.

ఒకటి మాత్రం ఆ ఆఫీసు లెక్కల్లో లేదు.
ఆ చెక్కబల్ల మీద ఎదెల్మిరాకి
వేరే దీవి నుంచి వచ్చే ఒతీలియా ఉండేది.
ఏడేళ్లు ఇద్దరూ అక్కడే
వెల్లుల్లి గడ్డలకి ఊలు దారం మార్చుకున్నారు,
అల్లుళ్లను కలిసి తిట్టుకున్నారు.
ఇప్పుడు ఖాళీ డబ్బాలో
ఎవరికీ చెప్పకుండా ఒక వెల్లుల్లి గడ్డ వెళుతుంది.
వచ్చే నెల మాత్రలన్నీ ఆ వాసనే.
నోయెలియా గొణుగుతుంది,
నేను సముద్రం వైపు చూస్తాను.

మొన్న మంగళవారం, చీకటితోనే,
రేవులో ప్లాస్టిక్ కోటు.
గుండె జారింది.
"ఒంట్లో బాగాలేదా?"
"బాగుంది. అందుకే వచ్చాను,
ఒతీలియా ఇంటికి."

టిక్కెట్టు డబ్బులు తీసుకున్నాను.